గడప తీసిన ఇల్లు

పక్షవాతం వచ్చి మా అత్త అప్పలనర్సమ్మ కాళ్లు పడిపోయాయి గానీ, నోరు మాత్రం పడిపోలేదు. "నన్ను మూటలాగ మొయ్యకే సిలకా, సిగ్గేస్తంది" అని రోజూ నన్ను తిట్టేది. బెంగాల్లో రైల్వే యార్డు పక్కనున్న ఖరిదా పేటలో మా ఇల్లు మామగారు కట్టించింది. వానాకాలం వీధి నీళ్లు లోపలికి రాకుండా ఆయన గడప మోకాలెత్తున పెట్టించాడు. కుళాయి, మరుగుదొడ్డి బయట వాకిట్లో. చర్చివాళ్లు చక్రాల కుర్చీ ఇచ్చారు సరే, ఆ గడప దాటేదెలా? నేను ఆసుపత్రిలో ఆయా డ్యూటీ దిగి వచ్చేదాకా ఆవిడ ఉగ్గబట్టుకుని కూర్చునేది.

ఒక ఆదివారం బెంగాలీ మిస్త్రీని పిలిచి గడప కోయించాను. మెట్లు పూడ్పించి సిమెంటుతో వాలు పోయించాను. గడప లేనిది ఇల్లేనా అని ఇరుగుపొరుగు బుగ్గలు నొక్కుకున్నారు. మా అత్త తనంతట తాను వాకిట్లోకి వెళ్తే చాలు, లక్ష్మి ఎటు పోతే నాకేం అనుకున్నాను.

కోసిన చెక్క కింద పడగానే అత్త ఏడ్చింది. ఎందుకో నాకు తెలుసు. ఆవిడ కొడుకు, నా మొగుడు నూకయ్య, ఏళ్ల కిందట యార్డులో రైలుపెట్టెలు తగిలించే షంటింగ్ పని చేస్తూ పోయాడు. బండి రెండు కాళ్లూ తీసేసింది. బయట పోయిన మనిషిని గడప దాటించి లోపలికి తేకూడదని పెద్దలు పట్టుబట్టారు. వాకిట్లో నేల మీదే ఉంచారు. "నా కొడుకుని ఇంట్లోకి రానియ్యండర్రా" అని ఆవిడ గుండెలు బాదుకున్నా ఎవరూ వినలేదు.

ఆ సాయంత్రం లోడ్‌షెడ్డింగ్. వీధంతా చీకటి. ఇళ్లల్లో బొగ్గుల పొయ్యిలు రాజేసిన పొగ, యార్డులో బళ్లు తగిలించే చప్పుడు. ఉక్కకి తలుపు తెరిచే ఉంచి, అగ్గిపెట్టె కోసం తడుముకుంటున్నాను.

పొగ వాసన పోయింది. ఇంజను నూనె, తడి ఇనుము, చెమట... ఆయన యూనిఫారం ఉతికేటప్పుడు వచ్చే వాసన.

వాకిట్లో ఏదో ఈడ్చుకుంటూ వస్తోంది.

ఆగింది. మళ్లీ ఈడ్చుకుంది. చప్... చప్... ఆరని సిమెంటు మీద అరచేతులు పడుతున్నట్టు.

గడప ఉండే చోట ఆగింది. చాలాసేపు.

తర్వాత... లోపలికొచ్చింది.

"అగ్గిపుల్ల గియ్యకే" అత్త గుసగుసగా అంది. "ఎలుగులో సూస్తే సిగ్గుపడతాడు."

"ఎవులత్తా?"

"ఏటే, నీ మొగుడే. ఇన్నేల్లూ వాకిట్లోనే ఉన్నాడంట. గడప ఎక్కలేకపోనాడంట. కాల్లేవి మరి?"

నా పాదాన్ని రాసుకుంటూ చల్లగా ఏదో పోయింది. కట్టుకున్న మనిషి అన్నేళ్లకు ఇంటికొస్తే, నేను గోడకి అతుక్కుపోయాను. భయం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి.

తెల్లారాక సిమెంటు చూడ్డానికి మిస్త్రీ వచ్చాడు. దాని మీది గుర్తులు చూసి మొహం పాలిపోయింది. "దీదీ, గడప మళ్లీ పెట్టేదా?"

అత్త నా కొంగు పట్టుకుంది. "వద్దే. ఆడిని మల్లీ బయట పారెయ్యకే."

"వద్దు దాదా, ఠీక్ హై" అని అతన్ని పంపేశాను.

అప్పుడు వంగి చూశాను. పెద్ద అరచేతుల గుర్తులు, అన్నీ లోపలికే. నా చెయ్యి పెట్టి చూస్తే, ఆయనవే. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను. వాటి వెనకే ఇంకో జత. చిన్నవి. పసిపిల్లవి. అవీ లోపలికే.

మాకు పిల్లల్లేరు.

మిస్త్రీ ఇంకా వీధి మలుపు తిరగలేదు. కేకేస్తే వింటాడు. గడప మళ్లీ పెట్టమందామని నోరు తెరిచాను.

వెనక చక్రాల చప్పుడు. అత్త గుమ్మం దాటి, వాలు మీదుగా ఎండలోకి వస్తోంది. ఆ మొహంలో అంత సంతోషం కొడుకు పోయాక నేను చూడలేదు.

"సూసినావా సిలకా, నువ్వు లేకండానే వచ్చీసినాను!"

కుర్చీ మెల్లగా నా ముందుకొచ్చి ఆగింది. వెనక తోసేవాళ్లెవరూ లేరు. ఆవిడ రెండు చేతులూ ఒళ్లోనే ఉన్నాయి.