తాష్‌కోరోలో వెచ్చటి పక్క

తాష్‌కోరో దొడ్డిలో పక్క వేసినవాళ్ళకి రాత్రి ఎవరో ఒకరు తోడొస్తారని మా వైపు చెప్పుకుంటారు. అడగకుండానే వస్తారు.

కనుమ దిగువన పైకప్పు ఎగిరిపోయిన రాతి దొడ్డి అది. పగలు జడలబర్రెల్ని తోలుకుంటూ పక్కనుంచి పోతే అక్కడేమీ కనబడదు. మొండి గోడలు, ఎండిన పేడ, అంతే. రాత్రిళ్ళు మాత్రం... అక్కడ ఆగడం కంటే మంచులో పడి నడవడమే నయమనేవాళ్ళున్నారు.

ఎప్పుడో కాపరులు కొందరు అక్కడ చలికి చిక్కారట. ఉన్నది ఒక్కటే కంబళి. ఒకరికొకరు వీపులు ఆనించి అందరూ అందులో దూరారు. ఆఖరివాడికి చోటు చాలలేదు. తెల్లారేసరికి వాడు గోడ వారగా కట్టెలా బిగుసుకుపోయి కనిపించాడు. అప్పట్నుంచీ వాడు పక్క కోసం తిరుగుతూనే ఉన్నాడు. ఎవరైనా లేచి బయటికెళితే చాలు — ఆ చోట్లో దూరతాడు. అందుకే అక్కడ పక్కలోకి ఎవరొచ్చినా పేరు పెట్టి పిలిచి, వాళ్ళు పలికాకే నిద్రపోవాలంటారు పెద్దలు.

ఇదంతా కాపరి ముసలమ్మ కాలిచాకి చిన్నప్పట్నుంచీ తెలుసు. అయినా ఆ సాయంత్రం వేరే దారి లేకపోయింది. కనుమ దాటేలోపే మంచు ముంచుకొచ్చింది. జడలబర్రెలు మొరాయించాయి. మొగుడు తెషెబాయ్ దొడ్డికేసి చూపించి, "ఇక్కడే" అన్నాడు.

"ఇంకెక్కడా చోటు దొరకలేదా నీకు?"

"నీకోసం మేడ కట్టించమంటావా ముసలీ? దయ్యమొస్తే దాన్నీ పడుకోబెడదాంలే. వీపు వెచ్చగా ఉంటుంది."

నేల మీద పేడ పిడకలు మండించారు. బాగా కాలాక నిప్పులు పక్కకి ఊడ్చేసి, వేడినేల మీద పొడిమట్టి చల్లి, దాని మీద మందపాటి కంబళి పరిచారు. కాల్చిన రాళ్ళు గుడ్డల్లో చుట్టి కాళ్ళ దగ్గర పెట్టుకున్నారు. పైన ఇంకో కంబళి కప్పి, అంచులన్నీ కిందికి దోపి, తాడుతో బిగించారు. దూరడానికీ రావడానికీ తలవైపు ఒక్కటే సందు.

"పెళ్ళినాడు కూడా ఇంత వెచ్చగా పడుకోలేదే" అన్నాడు తెషెబాయ్.

"పెళ్ళినాడు నువ్వు తాగి గుర్రాల మధ్య పడుకున్నావు కదయ్యా."

అతను నవ్వాడు. ఆమె వీపుకి అతని వీపు ఆనింది. జన్మంతా అలా పడుకున్నవాళ్ళే. కాలిచాకి భయం సగం తగ్గింది.

ఎంతసేపటికో జడలబర్రెలు గుర్రుమన్నాయి. మందతో వచ్చిన కాపలా కుక్క మొరిగింది. తెషెబాయ్ లేచి, "ఏదో తాడు తెంపుకున్నట్టుంది. చూసొస్తా. సందు మూసుకో, వేడి పోతుంది" అని గొణిగి బయటికి పాకాడు.

గాలి హోరు... కుక్క అరుపు దూరమైంది... తర్వాత అదీ లేదు.

కాలిచా మేలుకునే ఉండాలనుకుంది. కానీ కింద వెచ్చటి నేల, కాళ్ళ దగ్గర రాళ్ళు. కళ్ళు మూతలు పడ్డాయి.

సందులోంచి చలిగాలి కొట్టి మెలకువ వచ్చింది. బరువుగా ఏదో లోపలికి పాకి ఆమె వెనక వాలింది. తడిసిన ఉన్ని వాసన. కాసేపటికి వీపు వెచ్చబడింది.

"వచ్చావా?"

వెనకనున్నది ఇంకాస్త దగ్గరికి జరిగింది.

పేరు పెట్టి పిలవాలన్న మాట గుర్తొచ్చింది. కానీ మొగుడి పేరు ఆమె ఏనాడూ పలకలేదు. మా ఆడవాళ్ళెవరూ పలకరు. నోరు తెరిచింది, నాలుక కదల్లేదు. ఎవరు వింటారక్కడ? అయినా సిగ్గేసింది.

"ఏమయ్యో ముసలోడా..." అంది చివరికి.

"ఊఁ..." అంది వెనకనుంచి గొంతు.

అమ్మయ్య అనుకుని సందు మూసి, దాని మీదికి ఒక రాయి జరిపింది.

అప్పుడే వినబడింది. బయట. తల పక్కనే. మంచులో ఎవరో పాకుతున్న చప్పుడు.

"జ... రు... గు..."

అది మనిషి గొంతులా లేదు. పళ్ళు టకటకమంటున్నాయి, మాట ముద్దముద్దగా వస్తోంది.

"చ... లి..."

మొగుడు వెనకే ఉన్నాడు. వెచ్చగా ఉన్నాడు. మరి బయట ఉన్నదెవరు? కంబళి అంచు కదిలింది. సందులోంచి వేళ్ళు లోపలికొచ్చి ఆమె చెంపని తాకాయి. బతికున్న మనిషి చెయ్యి అంత చల్లగా ఉండదు.

ఆమె రాయి ఎత్తి ఆ వేళ్ళ మీద కొట్టింది. ఒకటి... రెండు... చెయ్యి వెనక్కి పోయేదాకా కొట్టింది.

"చోటు లేదు! పో!"

బయట ఏదో మూలిగింది. తర్వాత గాలి తప్ప ఇంకేమీ వినబడలేదు. కాలిచా వెనకున్న వీపుకి గట్టిగా హత్తుకుని, వణుకుతూనే నిద్రపోయింది. తనని తాను కాపాడుకున్నానన్న ధైర్యంతో నిద్రపోయింది పాపం.

తెల్లారింది. గాలి ఆగింది.

"లే ముసలోడా. రాత్రి ఏమైందో తెలుసా నీకు?" అంటూ వెనక్కి తిరిగి కంబళి ఎత్తింది.

కుక్క తలెత్తి చూసింది. గుర్రుమని ఆవలించి, "ఊఁ" అని మళ్ళీ ముడుచుకుంది.

కుక్కని పక్కలోకి రానిచ్చే ఇల్లు మా కొండల్లో ఒక్కటీ లేదు. అలాంటిది జరుగుతుందని ఆమెకి తట్టనైనా తట్టలేదు.

తెషెబాయ్ పక్కకి జానెడు దూరంలో, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, మంచులో కూర్చుని ఉన్నాడు. కనుబొమల మీద మంచు. కుడిచేతి వేళ్ళు నలిగి నల్లబడ్డాయి.

మధ్యాహ్నం కనుమ దిగి వచ్చిన కాపరులు దొడ్డి దగ్గర ఆగారు. కుక్క గోడ బయట ఉంది. లోపల మళ్ళీ పిడకలు మండుతున్నాయి, రాళ్ళు కాలుతున్నాయి. పక్కలో కాలిచా మొగుణ్ణి వాటేసుకుని, అతని చేతుల్ని తన రొమ్ములో దాచుకుని పడుకుని ఉంది. వాళ్ళు కంబళి తీయబోతే కసురుకుంది.

"సందు తెరవకండయ్యా... ఇప్పుడిప్పుడే వేడెక్కుతున్నాడు."