కాలికి కట్టిన రాగితీగ

మా కంపెనీ పేరు చెప్పను, ఉద్యోగం ఇంకా అక్కడే. క్యాన్సర్‌కి మందు తయారు చేస్తాం. సూదిలో ఎక్కిస్తే ఆ మందు ఒళ్లంతా తిరిగి, గడ్డ ఎక్కడుందో వెతుక్కుని, దానికే అతుక్కుని లోపలినుంచే రేడియేషన్‌తో కాలుస్తుంది. ఏలూరు ఆసుపత్రిలో ఆ మందు ఎక్కించుకున్నవాళ్ల ఇళ్లకి వెళ్లి, ఒంట్లో ఇంకా ఎంత మిగిలిందో మీటరు పెట్టి చూడటం నా పని. కొన్నాళ్లపాటు వాళ్లు పసిపిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్లకీ దూరంగా ఉండాలి.

అప్పుడు నేనూ కడుపుతోనే ఉన్నాను. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి, జారిపోయింది. ఈసారి ఐదో నెల వచ్చేదాకా ఎవరితోనూ అనొద్దని మా అత్తగారు గట్టిగా చెప్పారు. ఆఫీసులోనూ చెప్పలేదు. చేతిలో మీటరుందిగా, ఎక్కువ చూపిస్తే గుమ్మం దాటను అనుకున్నాను. ఆ ధైర్యం తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేనే లెంపకాయ కొట్టుకోవాలనిపిస్తుంది.

ఓ మధ్యాహ్నం వీర్రాజుగారు ఫోన్ చేశారు. ముదినేపల్లి అవతల కొల్లేటి వైపు ఆయనకి చేపల చెరువులున్నాయి. వాళ్లమ్మ సుబ్బాయమ్మగారికి మా మందే ఎక్కించారు.

"ఓసారి వచ్చి మీటరు పెట్టి చూడాలండీ. అమ్మని ముట్టుకోవచ్చో లేదో మీరు చెబితేగాని మావాళ్లు కదలరండీ."

"ఇంకా దూరంగానే ఉంచారా ఏంటండీ? గడువు ఎప్పుడో అయిపోయిందిగా," అన్నాను.

ఆయన "వస్తారు కదండీ?" అన్నారు.

వెళ్లేసరికి పొద్దు వాలింది. మబ్బు పట్టి ఉంది. కరెంటు లేక నీళ్లకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగిపోయాయి, చెరువులో నీళ్లు కదలటం లేదు. గట్టంతా చేపల మేత వాసన, దానికి తోడు కుళ్లిన గుర్రపుడెక్క వాసన. నాకసలే వేవిళ్లు తగ్గలేదు, చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని నడిచాను. ఇంట్లో మనవరాలు పురిటికొచ్చి ఉందని ముసలావిణ్ణి గట్టు మీద కాపలా షెడ్డులో ఉంచారు. వీర్రాజుగారు షెడ్డుకి ఇవతలే ఆగిపోయారు.

"మీరెళ్లి చూసి రండండీ. తలుపు తీసే ఉంది."

లోపల చీకటిగా ఉంది. సుబ్బాయమ్మగారు మంచం అంచున కూర్చుని ఉన్నారు. కాలి చీలమండ దగ్గర ఏదో మెరిసింది. రాగితీగ. చీలమండకి చుట్టి, కిటికీలోంచి తీసి, చెరువులోకి దించారు.

"ఇదేంటి మామ్మగారూ?"

"మావాడు కట్టాడమ్మా. మోటారుకి ఎర్తు ఇచ్చినట్టు నాకూ ఇస్తే, ఒంట్లో ఉన్నదంతా నేలలోకి దిగిపోద్దంట."

నాకు ఒళ్లు మండిపోయింది. బయటికెళ్లాక ఆయన్ని నాలుగు దులపాలనుకుంటూ మీటరు ఆన్ చేశాను. ఏమీ లేనిచోట కూడా అది అప్పుడొకటి ఇప్పుడొకటి టిక్కుమంటుంది. మట్టిలోనూ గాలిలోనూ ఆ మాత్రం ఉంటుంది. గుమ్మంలో టిక్కుమంది. ఆవిడ వైపు జరిపాను.

ఆగిపోయింది.

బ్యాటరీ అనుకున్నాను. వెనక్కి జరిగాను... టిక్. ముందుకి జరిగాను... ఏమీ లేదు. ఒక్క టిక్కు కూడా లేదు.

"ఏమీ లేదు కదమ్మా?"

"లేదండీ."

"ఎన్నో నెల?"

నేను కిందికి చూసుకున్నాను. వదులు కుర్తా, మీద చున్నీ. మా ఆయనకీ అత్తగారికీ తప్ప ఎవరికీ తెలియదు.

"ఒక్కసారి చెయ్యి వెయ్యనా అమ్మాయ్? మందు ఎక్కించిన కాడినుంచి నన్నెవరూ ముట్టుకోలేదు."

వద్దనాల్సింది. కానీ పాపం అనిపించింది. మీటరు కూడా ఏమీ చూపించలేదు కదా. ఆవిడ నా పొట్ట మీద చెయ్యి వేసింది. చల్లగా... తడిగా ఉంది. చెరువు వాసన. నా కడుపులో బిడ్డ కదిలింది. అదే మొదటిసారి.

"నువ్వు ఎత్తుకుంటావు కదూ నన్ను..." అంది గుసగుసగా.

నేనెలా బయటపడ్డానో నాకు తెలియదు. వీర్రాజుగారు ఎదురొచ్చారు.

"ముట్టుకోవచ్చా అండీ? స్నానం చేయించటానికి ఆడవాళ్లు కాచుక్కూర్చున్నారు."

"ఆవిడే చేసుకుంటారుగా. ఇప్పుడే మాట్లాడారు నాతో."

ఆయన నా మొహంలోకి అలాగే చూశారు.

"అమ్మ పొద్దున్నే పోయిందండీ. ఫోన్లో చెబితే మీరు రారేమోనని..."

ఇద్దరం మళ్లీ వెళ్లాం. ఫోన్ లైటు వేశాను. ఆవిడ వెల్లకిలా పడుకుని ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. పెదాల మీద చీమలు. మీటరు ఎప్పట్లాగే అప్పుడొకటి ఇప్పుడొకటి టిక్కుమంటోంది. చీలమండ మీద తీగ ఒరుసుకున్న నల్లటి మచ్చ ఉంది. తీగ లేదు. కిటికీలోనూ లేదు.

"తీగ ఎవరు విప్పారండీ?"

"ఎవరు విప్పుతారండీ... ఎవరూ ముట్టుకోలేదు."

"ముట్టుకోవచ్చండీ," అన్నాను. "ఎప్పటినుంచో ముట్టుకోవచ్చు."

ఆయన తల్లి కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చారు. పట్టుకోవటానికి చెయ్యి చాపారు, మళ్లీ వెనక్కి తీసుకున్నారు.

మర్నాడు తాడేపల్లిగూడెంలో స్కానింగ్ చేయించుకున్నాను. రాత్రంతా నిద్ర లేదు, ఈ బిడ్డ కూడా పోయిందనే అనుకున్నాను. గుండె చక్కగా కొట్టుకుంటోందని డాక్టరమ్మ చెప్పగానే బల్ల మీదే ఏడ్చేశాను. ఆవిడ నవ్వుతూ పొట్ట మీది యంత్రం కిందికి జరిపారు. బిడ్డ కాళ్ల దగ్గర చెయ్యి ఆగింది.

"కాలికి ఏదో చుట్టుకుందమ్మా. బొడ్డుతాడేమో."

దగ్గరికి వంగి చూశారు.

"బొడ్డుతాడు ఇంత సన్నగా ఉండదే..."

నేనూ తల తిప్పి చూశాను. ఆ సన్నటి గీత బిడ్డ చీలమండని చుట్టుకుని, తిన్నగా కిందికి దిగి, తెర అంచు దాటి పోయింది.