చుట్టపుచూపు

సోమవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు నర్సీపట్నంలో పునరావాస ఆఫీసు గోడకి ఇళ్ల స్థలాల జాబితా అంటించారు. అందులో రెండు వందల పద్నాలుగు పేర్లున్నాయి. సాయిలక్ష్మి పేరు లేదు.

మహాలక్ష్మమ్మకి చదువు రాదు. కూతురి వేలు కాగితం మీద పైనుంచి కిందికి దిగడం, మళ్లీ పైకి వెళ్లడం చూస్తూ పక్కన నిలబడింది. రెండోసారి కూడా వేలు అడుగుకి చేరి ఆగింది.

"తమ్ముడి పేరుందమ్మా, నూట ముప్ఫై రెండు. దాని కింద నువ్వున్నావు. కొడుకు మీద ఆధారపడిన తల్లి అని రాశారు."

"మరి నీదో?"

సాయిలక్ష్మి మూడోసారి పైనుంచి మొదలుపెట్టింది.

"సరిగా సూడే తల్లీ! అక్కడే ఎక్కడో ఉంటాది!"

"ఉంటే కనపడదేటమ్మా..."

వాళ్ల ఊరు ఈదులదిబ్బ. నక్కపల్లి అవతల, జీడితోటల మధ్య ఉండేది. ఫ్యాక్టరీల కోసం ఆ భూములు తీసుకున్నారు. ఊరు ఖాళీ చేసి రెండేళ్లయింది. కొందరు అద్దె గదుల్లోకి, కొందరు చుట్టాల పంచన చేరారు. మహాలక్ష్మమ్మ కొడుకు చిట్టిబాబు నర్సీపట్నంలో ఆటో నడుపుతాడు. బలిఘట్టం రోడ్డులో రెండు గదులు అద్దెకి తీసుకున్నాడు. ఒక గదిలో అతను, భార్య లక్ష్మీదేవి, ఐదేళ్ల పాప అనూహ్య. రెండో గదిలో తల్లి, అక్క. ప్రభుత్వం ఇచ్చే స్థలంలో ఇల్లు లేచాక ఈ గదులు ఖాళీ చేయాలి. ఆ ఇంట్లో ఆడపడుచుకి చోటుండదని లక్ష్మీదేవి ముందే చెప్పింది. దాని గురించి గొడవ కూడా జరగలేదు. ఎందుకంటే మొగుడు వదిలేసిన ఆడదాన్ని వేరే కుటుంబంగా లెక్కేసి వేరే స్థలం ఇవ్వాలని రూలుంది. సాయిలక్ష్మి స్థలం సాయిలక్ష్మికి వస్తుందని అందరూ అనుకున్నారు.

గుమస్తా రామనాథం గారు ఓపికున్న మనిషి. ఫైలు తీయించి, నాలుగేళ్ల కిందట సర్వేలో రాసుకున్న కాగితం వెతికి పట్టుకున్నారు.

"ఇదుగోనమ్మా. సాయిలక్ష్మి, వివాహిత. చుట్టపుచూపుకి వచ్చినది. ఇక్కడి నివాసి కాదు." ఆయన కళ్లజోడు సర్దుకుని కింది వరుస చదివారు. "తల్లి మహాలక్ష్మమ్మ చెప్పినది. వేలిముద్ర మీదేనా?"

మహాలక్ష్మమ్మ ఆ ముద్ర వైపు చూసింది. ఆ రోజు ఆమెకి గుర్తుంది.

సాయిలక్ష్మి మొగుడు గోపీకృష్ణ తొమ్మిదేళ్ల కిందట ఆమెని పుట్టింట దింపి, వారంలో వచ్చి తీసుకెళ్తానని చెప్పి వెళ్లాడు. రాలేదు. తునిలో ఇంకో కాపురం పెట్టాడని ఆరు నెలలకి తెలిసింది. ఆ సంగతి ఈదులదిబ్బలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. ఉపమాక గుడిలో కల్యాణానికి వెళ్లినా, బోరింగు దగ్గర బిందె పెట్టినా, ఎదురైన ఆడవాళ్లు "ఎప్పుడొచ్చేవే పిల్లా?" అని అడిగేవారు. సాయిలక్ష్మి "నిన్ననే అత్తా" అనేది. తొమ్మిదేళ్లూ ఆమె నిన్ననే వచ్చింది.

సర్వేకి మనుషులు వచ్చిన రోజున వీధి వీధంతా వాకిట్లో నిలబడి ఉంది. పెరట్లో జీడిగింజలు కొడుతున్న సాయిలక్ష్మిని చూసి, ఈమె ఎవరని అడిగారు. మహాలక్ష్మమ్మ తడుముకోలేదు.

"మా అమ్మాయండి. సుట్టపుసూపుకొచ్చింది. అల్లుడుగారు రేపో ఎల్లుండో వచ్చి తీసికెళ్తారు."

ఇంట్లో పొయ్యిలెన్ని అని కూడా అడిగారు. వెనక పాకలో తల్లీ కూతురూ వేరే వండుకుంటున్నారు. కోడలు వచ్చిన ఏడాది నుంచీ అంతే. అయినా మహాలక్ష్మమ్మ "ఒకటేనండి. కొడుకే సాకుతున్నాడు" అంది. అల్లుడి మర్యాద, కొడుకు మర్యాద రెండూ నిలబడ్డాయి. సాయిలక్ష్మి లోపలికి వెళ్లి చేతుల జిడ్డు కడుక్కుని, మంచి చీర కట్టుకుని, సంచీ తెచ్చి గుమ్మం పక్కన పెట్టుకుంది. సర్వేవాళ్లు వీధి దాటేదాకా ఆ సంచీ పక్కనే కూర్చుంది.

"బాబూ... అది పరువుకోసం సెప్పిన మాట బాబూ!" మహాలక్ష్మమ్మ బల్ల అంచు పట్టుకుంది. "నా పేరు కొట్టీసి దాని పేరు రాసీండి. నాకేటొద్దు!"

"మీ పేరు కొట్టేస్తే మీ పేరు పోతుందమ్మా. ఆమె పేరు రాదు." రామనాథం గారు తెల్లకాగితం సాయిలక్ష్మి ముందుకి జరిపారు. "అర్జీ రాయండి. మీరు తల్లి దగ్గరే ఉండేవారని పొరుగువాళ్లెవరైనా చెప్తే చాలు. ఎవరున్నారు?"

"మా అప్పలనరసమ్మ అత్త ఉందండి. ఊళ్లో మా ఇళ్ల మధ్య ఒక గోడే," అంది సాయిలక్ష్మి. ఊరు ఖాళీ అయ్యాక అప్పలనరసమ్మ మాకవరపాలెంలో తమ్ముడి ఇంట్లో ఉంటోంది.

అర్జీ ఇచ్చి వచ్చాక, ఆ సాయంత్రం సాయిలక్ష్మి ఆమెకి ఫోను కలిపి తల్లి చేతికిచ్చింది.

"ఎవరైనా వచ్చి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పమను. అంతేనమ్మా. ఒక్క మాట."

మహాలక్ష్మమ్మ వీధి గుమ్మంలో కూర్చుని మాట్లాడింది. మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయని అడిగింది. మాకవరపాలెంలో వానలు పడ్డాయా అని అడిగింది. గేదె సంగతి అడిగింది. పదకొండు నిమిషాలయ్యాక "ఉంటాను వదినా" అని ఫోను పెట్టేసింది.

"చెప్పావా?"

"అప్పలనరసమ్మకి నేను సెప్పాలేటే? నువ్వు పుట్టినప్పుడు నాకు పురుడు పోసిన మనిషి. దానికి తెలీందేటుంది!"

సాయిలక్ష్మి తల్లి ముఖం చూసింది. ఫోను తీసుకుని లోపలికి వెళ్లింది.

గురువారం మధ్యాహ్నం అప్పలనరసమ్మ బస్సు దిగి, పనసకాయ చంకనెట్టుకుని వచ్చింది. కూర్చోకముందే మొదలెట్టింది.

"ఓలమ్మ వదినా! నిన్న మా ఇంటికి ఆఫీసోలొచ్చారే! నీ కూతురు సంగతి అడిగితే నా గుండె ఆగిపోయింది! ఎవుడు పెట్టేడో ఈ పుల్ల అనుకున్నాను. నాను తగ్గుతానేటి? ఆ పిల్ల అత్తోరింట్లో సుకంగా ఉంది బాబూ, పండక్కీ పబ్బానికీ వొచ్చి వెళ్తాది, అంతేనని సెప్పీసినాను. మల్లీ మల్లీ అడిగేరు. మల్లీ మల్లీ అదే సెప్పేను. ఏలిముద్ర కూడా ఏసీసినాను! ఊరు పోతే పోయింది గానీ నీ పరువు పోనిస్తానా!"

మహాలక్ష్మమ్మ నోరు తెరిచింది.

"ఏటలగున్నావు? మంచినీల్లు తాగు వదినా... ఒలే సాయీ, ఎప్పుడొచ్చేవే?"

సాయిలక్ష్మి గ్లాసుతో నీళ్లు తెచ్చి అప్పలనరసమ్మ చేతికిచ్చింది.

"నిన్ననే అత్తా," అంది.

అప్పలనరసమ్మ నీళ్లు తాగి, పనసకాయ కోసి, తొనలు తీసిపెట్టి, నాలుగు గంటల బస్సుకి వెళ్లిపోయింది. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు.

శుక్రవారం ఆఫీసు తలుపు తీసేసరికి మహాలక్ష్మమ్మ మెట్ల మీద ఉంది. హాల్లో ఈదులదిబ్బవాళ్లే ముప్ఫైమంది దాకా ఉన్నారు. ఎదురింటి సూరన్న ఉన్నాడు, పక్క వీధి దేవుళ్లు ఉన్నాడు, బోరింగు దగ్గర పలకరించిన ఆడవాళ్లందరూ ఉన్నారు. ఆమె రామనాథం గారి బల్ల ముందు నిలబడి, అందరికీ వినపడేలా చెప్పింది.

"నా కూతుర్ని మొగుడు ఒగ్గీసినాడు బాబూ! తొమ్మిదేల్లయింది! దానికి పండగ నేదు, పబ్బం నేదు, అత్తోరిల్లు నేదు! నా ఇంట్లోనే ఉంది, నాతోనే తింది! నా కొడుకు నాకు మెతుకు పెట్టలేదు, అదే గింజలు కొట్టి పెట్టింది! నాను అబద్దం సెప్పేను, అప్పలనరసమ్మ అబద్దం సెప్పింది, ఊరంతా అబద్దం ఆడింది! ఇప్పుడు నిజం సెప్తన్నాను, రాసుకోండి!"

సూరన్న కిందికి చూశాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గోడ పక్కన నిలబడ్డ చిట్టిబాబు బయటికి వెళ్లిపోయాడు.

రామనాథం గారు ఫైలు తెరిచారు.

"ఇందులో రెండు వాంగ్మూలాలున్నాయమ్మా. ఒకటి మీ పొరుగావిడది. రెండోది మీది. నిన్న సాయంత్రమే అర్జీ కొట్టేస్తూ సంతకం అయిపోయింది. ఇక భర్త వదిలేశాడని కోర్టు కాగితం తెస్తే తప్ప నా చేతిలో లేదు."

"ఎన్నాల్లు పడతాది బాబూ?"

"నేను చెప్పలేను."

ఇంటికి వచ్చాక చిట్టిబాబు ఆటో దిగలేదు.

"నీకు మెతుకు పెట్టలేదా నాను? ఊరందరి ముందూ! నా స్థలంలో నీకు చోటుంది, ఉండు. నీ కూతురికి ఎక్కడుందో మీరే సూసుకోండి!"

"ఒరే, అది నీ అక్కరా... నిన్ను ఎత్తుకుని మోసిందిరా!"

లక్ష్మీదేవి గుమ్మంలోంచే అంది. "నేనేమీ అనలేదత్తా. వదినకి స్థలం వస్తాదని మీరే చెప్పారు."

తలుపులమ్మ అనే ఆవిడ నర్సీపట్నం చుట్టుపక్కల ఆడవాళ్లని పోగుచేసి భీమవరం వైపు రొయ్యలు ఒలిచే షెడ్డుకి తీసుకెళ్తుంది. సాయిలక్ష్మి ఆమెతో మాట్లాడుకుంది. తల్లికి బయలుదేరే రోజునే చెప్పింది.

బస్టాండులో మహాలక్ష్మమ్మ కూతురి సంచీ వదల్లేదు. అది సర్వే రోజున గుమ్మం పక్కన పెట్టిన సంచీయే.

"నన్ను తిట్టవే! ఒక్కసారి తిట్టు తల్లీ! నీ ఇల్లు నా నోటితో కూల్చీసినాను..."

"ఎందుకమ్మా తిట్టడం? నువ్వు మాటే అన్నావు. సంచీ తెచ్చి పెట్టుకుంది నేనే కదా." సాయిలక్ష్మి తల్లి వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసి సంచీ తీసుకుంది. "కూచోడానికి సీటు దొరకదు, బేగి వదులమ్మా."

బస్సు రెండూ ఇరవైకి కదిలింది.

పది రోజులకి ఫోను చేసింది. ఒక గదిలో పద్దెనిమిదిమంది ఉంటున్నామంది. "ఎప్పుడొచ్చావని ఇక్కడ ఎవరూ అడగరమ్మా" అంది. ఆ తర్వాత నెలకొకసారి చేసింది. తర్వాత ఆ నంబరు పనిచేయలేదు. ఆ జట్టుని ఇంకో షెడ్డుకి మార్చారని, అది ఒడిశా దాటాక ఉందని తలుపులమ్మ చెప్పింది. ఊరి పేరు తనకీ తెలీదంది.

మరుసటి ఏడు మార్చిలో కాలనీలో నూట ముప్ఫై రెండో స్థలంలో ఇల్లు లేచింది. జూన్‌లో ఒక బుధవారం ఉదయం ఇంటింటి సర్వేకి ఒకతను ట్యాబ్ పట్టుకుని వచ్చాడు. ఇంట్లో మహాలక్ష్మమ్మ ఒక్కతే ఉంది.

"ఎంతమంది ఉంటారు మామ్మగారూ?"

ఆమె కొడుకు పేరు, కోడలి పేరు, మనవరాలి పేరు, తన పేరు చెప్పింది. అతను నొక్కుకున్నాడు.

"నాకో కూతురుంది బాబూ," అంది ఆమె. "మొగుడొదిలీసినాడు. తొమ్మిదేల్లు నా దగ్గరే ఉంది. రాసుకో."

"ఇప్పుడు ఇక్కడ ఉంటారా?"

"నేదు."

"అప్పుడప్పుడూ వచ్చి వెళ్తారా?"

"నేదు బాబూ. సుట్టపుసూపుకైనా రానేదు."

అతను నలుగురు అని నమోదు చేసుకున్నాడు.