రవళి ఇంకా తేల్చుకోలేదు

ఆ ఆదివారం చిట్కుల్‌లో నల్లా నీళ్లు ఆలస్యంగా వచ్చాయి. బిందెలు నింపుకుని, రెండు జతల ఫ్యాక్టరీ యూనిఫారాలు ఉతికి, రవళి దండెం మీద ఆరేస్తోంది. ఆమె, భర్త అనిల్ ఇద్దరూ ఒకే మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఆమె ప్యాకింగ్‌లో, అతను బాయిలర్ దగ్గర. మంగళవారం అక్కడ యూనియన్ అధ్యక్షుడి ఎన్నిక.

పోటీ ఇద్దరి మధ్యే. ఒకాయన ప్రభాకర్, రవళి అత్తగారు దేవమ్మకు సొంత తమ్ముడు. అనిల్‌కు ఆ ఉద్యోగం ఇప్పించింది ఆయనే. మేనేజ్‌మెంట్‌తో గొడవకు దిగడు, మాట్లాడి పని చేయించుకొస్తాడు. రాత్రి షిఫ్టు ఆడవాళ్లకు బస్సు వేయించింది కూడా ఆయనే. రెండో మనిషి కాషిఫ్. మాట పడనివాడు, భయం తెలియనివాడు. గెలిస్తే నెల తిరగకుండా సమ్మె అంటున్నాడు.

రవళికి ఇద్దరూ సగం సగమే నచ్చారు. ఆమె స్నేహితురాలు హుస్నా చెయ్యి మెషిన్‌లో నలిగినప్పుడు, అజాగ్రత్త హుస్నాదేనని మేనేజ్‌మెంట్ రాసిన కాగితం మీద యూనియన్ తరఫున ప్రభాకర్ సంతకం పెట్టాడు. ఆ రోజు హుస్నా కోసం గేటు ముందు కూర్చున్నది కాషిఫ్. అయితే సమ్మె అన్న మాట వింటే రవళికి పుట్టింటి గోస గుర్తొస్తుంది. వాళ్ల నాన్న పనిచేసిన మిల్లు ఒక సమ్మెతో మూతపడి మళ్లీ తెరుచుకోలేదు. అందుకే ఎవరు అడిగినా "ఇంకా తేల్చుకోలే" అంటోంది. క్యాంటీన్‌లో ఆమెను గోడ మీద పిల్లి అంటున్నారని తెలుసు. అననీ అనుకుంది.

ఆఖరి యూనిఫారం ఆరేస్తుండగా ప్రభాకర్ నలుగురు మనుషులతో వచ్చాడు. ఒకతని చేతిలో పళ్లెం, అందులో పసుపు బియ్యం.

"అక్కా, మంచిగున్నవా? జెర చాయ్ పెట్టు" అని లోపలున్న దేవమ్మను పలకరిస్తూ గడపలోనే కుర్చీ వేసుకున్నాడు. "ఇల్లిల్లూ తిరుగుతున్నం. పసుపు ముట్టి మాటిస్తే నాకూ ధైర్యం."

అనిల్ ఆలోచించలేదు. పసుపు బియ్యం గుప్పిట్లోకి తీసుకుని, "ఇంట్ల రెండు ఓట్లూ నీకే మామా" అన్నాడు.

రవళి బకెట్టు కింద పెట్టి లోపలికి వచ్చింది. "నీ ఓటు నువ్వు చెప్పుకో. నాది చెప్పకు. నేనింకా తేల్చుకోలే."

పళ్లెం పట్టుకున్న మనిషి ముసిముసిగా నవ్వాడు. ఆ నవ్వు అనిల్‌కు తగిలింది. మూలన ఆడుకుంటున్న కూతురు హర్షిణిని దగ్గరికి లాక్కుని పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు. "నా బిడ్డ మీద ఒట్టు మామా. మా ఇద్దరి ఓట్లు..."

"చెయ్యి తియ్యి!"

రవళి అంత గట్టిగా అరవడం ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ వినలేదు. పిల్లను లాక్కుని చంకనెత్తుకుంది.

"నా ఓటుకు నా బిడ్డను తాకట్టు పెడ్తవా? మందిల నీ మాట నిలవెట్టుకోనీకి దీని తలనే దొరికిందా నీకు?"

"ఏంది రవళీ, ఇంటి మనిషిని నేనొస్తే గిట్ల పరేషాన్ చేస్తవు?" అన్నాడు ప్రభాకర్.

"ఇంటి మనిషివి గనుకనే అడుగుతున్న చిన్నాయనా. హుస్నా తప్పు లేదని నీకెరుకే. మరి సంతకం ఎందుకు పెట్టినవ్?"

"అది ఫ్యాక్టరీ సంగతి. ఇంట్ల మాట్లాడేది కాదు."

"ఫ్యాక్టరీ సంగతి ఇంట్ల మాట్లాడొద్దంటే, ఈ పళ్లెం ఇంట్లకెందుకొచ్చె?"

ప్రభాకర్ లేచి వెళ్లిపోయాడు. పొయ్యి మీద చాయ్ పొంగింది. దేవమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. "నా తమ్ముణ్ని నా గడపలనే చిన్నబుచ్చితివి గదనే. ఇగ వాడు నా మొఖం చూస్తడా?"

"అత్తమ్మా, ఆయన మీద నాకు పగ లేదు. కానీ మాటియ్యమంటే ఇయ్యను" అంది రవళి.

మరునాడు షిఫ్టు వదిలేసరికి గేటు ముందు కాషిఫ్ మీటింగ్ జరుగుతోంది. ఆదివారం సంగతి అప్పటికే అందరికీ పాకింది. రవళిని చూడగానే కాషిఫ్ మైకులో పిలిచాడు. "రా అక్కా! సొంత చుట్టాన్నే నిలదీసిన ధైర్యం నీది. నీ ఓటు మాకేనని ఒక్క మాట చెప్పు."

చప్పట్లు కొట్టారు. రవళి ముందుకు వెళ్లింది కానీ మైకు అందుకోలేదు. "నాకొక సవాలున్నది భాయ్, జవాబు చెప్పు. గెలిస్తే సమ్మె అంటున్నవ్. ఆ సమ్మె కావాల్నా వద్దా అని మమ్మల్ని అడుగుతవా?"

"మీటింగ్ పెట్టి చేతులెత్తిపిస్త."

"పదిమందిల చెయ్యెత్తనోడు ద్రోహి అయితడు. గట్ల గాదు. చీటీల మీద ఓటు పెడ్తవా?"

కాషిఫ్ ముఖం ఎర్రబడింది. "ప్రతిదానికి ఓటింగ్ పెట్టుకుంట కూసుంటే పోరాటం ఎప్పుడు చేస్తం అక్కా?"

"పస్తులుండేది మా పిల్లలు. అడగాలె."

వెనక నిలబడ్డ ప్యాకింగ్ ఆడవాళ్లు "అవు, అడగాలె" అన్నారు. వాళ్లలో చేతికి కట్టుతో హుస్నా కూడా ఉంది. కాషిఫ్ చూపు ఆ కట్టు మీద పడింది. తర్వాత మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "సరే. చీటీ ఓటు పెట్టకుండ సమ్మెకు పోను. అందరి ముందట చెప్తున్న." ఆ వెంటనే, "ఇగ నీ ఓటు మాకే గదా?" అన్నాడు.

"మంచి మాట చెప్పినవ్ భాయ్. కానీ ఇంకా తేల్చుకోలే."

జనం గొల్లున నవ్వారు. రోడ్డవతల హోటల్ దగ్గర నిలబడి ప్రభాకర్ అంతా విన్నాడు. ఆయన మాత్రం నవ్వలేదు.

మంగళవారం పొద్దున్నే, రవళి టిఫిన్ డబ్బాలు సర్దుతుండగా ఆయన ఒక్కడే వచ్చాడు. మనుషులు లేరు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నిన్న మీటింగ్ అయినంక పొద్దుమీకి హుస్నా ఇంటికి పోయిన బిడ్డా" అన్నాడు. "ఆ పిల్ల ఎడమచేత్తో అన్నం తింటున్నది. ఆ కాగితం మీద సంతకం పెట్టుడు నాది తప్పే. ఎల్లుండి లేబర్ ఆఫీసుకు ఆమె ఎంబడి నేనే పోయి, ఆ మెషిన్ సంగతి ఉన్నదున్నట్టు చెప్త. గెలిచినా, ఓడినా."

రవళి కళ్లలో నీళ్లు తిరిగాయి. వంగి ఆయన కాళ్లకు దండం పెట్టింది. లేచి కళ్లు తుడుచుకుని, "సంతోషం చిన్నాయనా. కానీ నా ఓటు సంగతి అడగకు" అంది.

దేవమ్మ తలుపు చాటు నుంచి ఇవతలికి వచ్చింది. "దీన్ని ఎవ్వరం మార్చలేం తమ్మీ. వచ్చి ఒక రొట్టె తిను" అంది. ప్రభాకర్ అక్క ముఖంలోకి చూసి, చెప్పులు విడిచి లోపలికి నడిచాడు.

ఇద్దరూ బండి మీద ఫ్యాక్టరీకి వెళ్లారు. గేటు దగ్గర బండి ఆపాక కూడా అనిల్ దిగలేదు.

"బిడ్డ తల మీద చెయ్యి పెట్టుడు తప్పయింది రవళీ. రెండు రోజుల సంది నిద్ర పడ్తలేదు" అన్నాడు. "నేనేమో మామకిచ్చిన మాట నిలవెట్టుకోనీకి పోతున్న. ఓటెయ్యనీకి పోయేది మనిద్దర్ల నువ్వొక్కదానివే."

ఆమెకు ఒక్కసారిగా అతని మీద జాలి, ప్రేమ పొంగుకొచ్చాయి. అతని భుజం మీద చెయ్యి వేసింది.

"లోపల తెర ఎనక మీ మామ ఉండడు. నేనూ ఉండ. నువ్వొక్కనివే ఉంటవ్. నీకు నచ్చినోనికి ముద్ర గుద్దు. మీ మామకే నచ్చి గుద్దినా నాకు సంతోషమే."

క్యూలో ముందు ఆమె వంతే వచ్చింది. చీటీ తీసుకుంటుండగా, అక్కడ కూర్చున్న ప్రభాకర్ తాలూకు ఏజెంటు గొంతు తగ్గించి, "తేలిందా అక్కా?" అని అడిగాడు. కాషిఫ్ ఏజెంటు కూడా చెవి రిక్కించాడు.

"తేలింది" అంది రవళి ఇద్దరికీ వినపడేలా. "కానీ మీకు చెప్ప."

తెర పక్కకు జరిపి లోపలికి వెళ్లింది.