దీపు అడిగిన రొయ్యల పాస్తా

"అయ్యయ్యో... దీపూ! ఏమైందే తల్లీ!"

వడ్డిస్తున్న గరిటె వదిలేసి పరుగెత్తింది అరుంధతి. ఐదో నెల కడుపుతో, ఫరీదాబాద్ అత్తవారింటి నుంచి రెండు రోజులుందామని వచ్చిన కూతురు! పాస్తా నోటి దాకా తెచ్చుకుని, కుర్చీ తోసేసి, వాష్‌బేసిన్ మీదికి వంగిపోయింది. వేవిళ్ళు ఎప్పుడో తగ్గాయి కదా... మళ్ళీ ఇదేమిటి!

భర్త నాగభూషణానికి ఇంకా హాస్యమే. జనక్‌పురి తెలుగువాళ్ళందరికీ తెలిసిన నోరది. "పాస్తా అని పిలిచి పస్తు పెడతావటే!" అని గోడలదిరేలా నవ్వి పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. లాక్కున్న చెయ్యే తోసేసింది!

"ఛీ! రొయ్యలు పాడైపోయాయి! కడుపుతో ఉన్న పిల్లకి పెట్టేదేనా ఇది? ఇంత కంపు తెలియలేదా? ముక్కుందా లేదా నీకు!"

ఆయనకి కోపం ముక్కు మీదుంటుంది. ఆవిడకి... ఆ ముక్కే లేకుండా పోయి ఏళ్ళయింది! ఆ మాట ఎవరితో చెప్పుకుంది గనుక!

ఊరంతా మంచాన పడ్డ ఆ మాయదారి జ్వరం అందరికీ వచ్చినట్టే ఆవిడకీ వచ్చింది, పోతూ పోతూ వాసనని పట్టుకుపోయింది. నలుగురికీ పెట్టేది నాలుకకి తగిలిస్తే ఎంగిలి అని పుట్టింట్లో నేర్పారు. ఆవిరి పీల్చి ఉప్పు చెప్పే చెయ్యి ఆవిడది! అలాంటి మనిషి రంగు చూసి, చెంచాలు కొలిచి వండుకొచ్చింది. చెబితే వంటమనిషిని పెడతారు. ఆ పొయ్యి కూడా పోతే ఇక ఈ ఇంట్లో తనెందుకు...!

ఇవాళ దీపు నోరు తెరిచి అడిగింది కదా అని వీడియో చూసి మొదలుపెట్టింది. పాస్తా ఉడికించిన నీళ్ళు దాచమని వీడియోలో వాళ్ళు మొత్తుకుంటుంటే, అలవాటు కొద్దీ గంజి వార్చినట్టు వార్చేసి తనలో తనే నవ్వుకుంది కూడా! మధ్యాహ్నమంతా కరెంటు లేక ఫ్రిజ్ నీరుకారింది. అనుమానమొచ్చి, తన ముక్కు సంగతే మరిచి రొయ్యలు దాని దగ్గర పెట్టుకుంది. ఏ వాసనా లేదు. 'హమ్మయ్య, తాజాగానే ఉన్నాయి' అనుకుంది ఆ పిచ్చితల్లి!

"అమ్మా, సచ్ బోలో... నిజం చెప్పు!" దీపు మొహం తుడుచుకుంటూ వచ్చి, వంటింట్లోంచి తెచ్చిన వెల్లుల్లి రెబ్బ గుప్పెట్లో దాచి తల్లి ముక్కు కింద పెట్టింది. "కళ్ళు మూసుకో. ఇదేంటి?"

అరుంధతి కళ్ళు మూసుకుంది. "...అల్లమా?"

దీపు గుప్పెట విప్పింది. వెల్లుల్లి! నాగభూషణం కుర్చీలోంచి లేచాడు.

"డాక్టర్ దగ్గరికి వెళ్దాం అమ్మా. ఠీక్ హో జాయేగా, తగ్గిపోతుంది..."

"వెళ్ళానే. మీ నాన్న ఆఫీసులో ఉండగా ఒక్కదాన్నే వెళ్ళాను. ఇన్నాళ్ళయ్యాక ఇక రావడం కష్టమన్నారు."

"నాతో చెప్పలేదేం, అరూ?" ఆయన గొంతు అంత చిన్నగా కూడా పలుకుతుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

"ఏం చెప్పనండీ? జోకేస్తారు. నేనూ నవ్వాలి..."

ఆయన తల దించుకున్నాడు. పళ్ళేలు ఒక్కొక్కటిగా తీసి, తనే చెత్తబుట్టలో వంచడానికి లోపలికి నడిచాడు.

"వంట పోతే పోనీవే," అంది అరుంధతి, కుర్చీలో కూర్చుంటూ. ఇన్నేళ్ళూ బిగబట్టింది ఒక్కసారిగా తెగింది. "నువ్వు పుట్టినప్పుడు నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి ఒళ్ళో పడుకోబెట్టుకుంటే నీ మాడు వాసన... దాంతోనే కడుపు నిండిపోయేదే నాకు! రేపు నీ బిడ్డని నా చేతుల్లో పెడతావు. బొమ్మనెత్తుకున్నట్టే కదా దీపూ... బొమ్మనెత్తుకున్నట్టే కదా!"

దీపు నేల మీద కూలబడి తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది.

అరుంధతి వంగి, కూతురి పాపిట మీద ముక్కు ఆనించి గట్టిగా ఊపిరి పీల్చింది.

ఏమీ లేదు.

అయినా... ఇంకోసారి పీల్చింది.