పూలబుట్ట వెనకాల

పొయ్యి మీద మొక్కజొన్న జావ ఉడుకుతుండగానే పేయ్‌జెన్ పెట్టె మళ్ళీ తెరిచింది. నిన్న సర్దిన ఎండు పుట్టగొడుగుల పొట్లాలు తీసి మంచం మీద పెట్టింది. కాసేపు వాటి వంక చూసి మళ్ళీ పెట్టెలోకి తోసింది. బయట జియాముసి వీధుల్లో ఇంకా మంచు కరగలేదు. షాంఘైలో ఈపాటికి చెట్లు చిగుళ్ళు వేసి ఉంటాయి. వెళ్ళేది పెద్దల సమాధులు శుభ్రం చేసుకునే చింగ్‌మింగ్ సెలవులకి, ఉండేది మూడంటే మూడు రోజులు. ఆ మూడు రోజుల కోసం ఆవిడ ఇంట్లో ఎవర్నీ కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

"ఆ పుట్టగొడుగులకి కళ్ళు తిరుగుతుంటాయి పాపం," అన్నాడు భర్త తొంగ్, ఉల్లికాడని సోయా ముద్దలో ముంచుకుంటూ. "ఎక్కించడం, దించడం! షాంఘై దొరసాని పుట్టింటికి వెళ్తోందా, వీటిని ఊరేగిస్తోందా?"

"నువ్వు మాట్లాడకు ముసలాయనా. ఉల్లికాడ కంపు."

"పెళ్ళయిన కొత్త నుంచీ అదే కంపు. ఇవాళ కొత్తగా తెలిసిందా?"

పేయ్‌జెన్ నవ్వలేదు. పట్నం పిల్లలు ఇంటికొకరు మారుమూల పొలాల్లో పనికి వెళ్ళి తీరాలని సర్కారు అన్న రోజుల్లో, పదిహేడేళ్ళ వయసులో, షాంఘై వదిలి ఈ చలి దేశంలో దిగిన మనిషి. ఇక్కడే ట్రాక్టరు తోలే తొంగ్‌ని చేసుకుంది. ఇన్నేళ్ళయినా కూరలో చిటికెడు పంచదార వేయడం మానలేదు, ఆయన మొహం ముడుచుకోవడమూ మానలేదు.

కూతురు యూఛిన్ బూట్లకంటిన మంచు దులుపుకుంటూ వచ్చింది. మందుల షాపుకి వెళ్ళేలోగా టికెట్లు తీసేయాలని తొందర దాన్ది.

"అమ్మా, విను. మొదటిరోజు నది ఒడ్డు, సాయంత్రం పడవ. రెండోరోజు సుజౌ వైపు కొండమీద తాతయ్యా అమ్మమ్మల సమాధి. మూడోరోజు మీ పాత వీధి, అక్కడే కాఫీ."

"పడవెందుకు? నాకు పడదు."

"సరే, పడవ తీసేశాను."

"ఆ వీధి ఎప్పుడో కొట్టేశారు. అక్కడ కాఫీ తాగి ఏం చెయ్యాలి?"

"అదీ తీసేశాను. సమాధి ఒక్కటే ఉంచనా?"

పేయ్‌జెన్ గరిటె తిప్పడం ఆపేసింది. జావ అడుగంటుతున్న వాసన వచ్చింది. "అదీ వద్దులే," అంది. "అసలు ఈ ఏడాదికి మానేద్దాం."

యూఛిన్‌కి ఒళ్ళు మండింది. ఫోను బల్లమీద ఠప్పున పెట్టింది. "మొన్న వెళ్దామన్నావు. నిన్న వద్దన్నావు. రాత్రి ఫోన్ చేసి మళ్ళీ వెళ్దామన్నావు. సెలవు కోసం మా మేనేజర్ కాళ్ళావేళ్ళా పడ్డాను. నీ పుట్టిన ఊరు నాకు చూపించాలని ఏనాడైనా అనిపించిందా నీకు? నేనే నిన్ను ఈడ్చుకెళ్తున్నట్టుంది!"

"నీకేం తెలుసే?"

"చెప్తే కదా తెలిసేది!"

"అక్కడ నేనున్నానో లేదో నాకే తెలీదు! ఇంక నీకేం చూపించను?"

తొంగ్ చేతిలో ఉల్లికాడ ఆగిపోయింది. పేయ్‌జెన్ పొయ్యి ఆర్పేసి, తన ఫోన్ తెచ్చి కూతురి చేతిలో పెట్టింది. తమ్ముడు పేయ్‌మింగ్ ఏటా చింగ్‌మింగ్‌కి పంపే ఫోటోలు. అమ్మానాన్నల సమాధి రాయి, దాని ముందు పండ్లు, అగరొత్తులు. ఎడమవైపు కింద, పిల్లల పేర్లు చెక్కే చోట, పసుపు చామంతుల బుట్ట. నిరుడూ అక్కడే బుట్ట. అంతకుముందూ అక్కడే.

"రాయి నిలబెట్టిన ఏడాది నువ్వు కడుపులో ఉన్నావు. వెళ్ళలేకపోయాను," అంది పేయ్‌జెన్. "తర్వాత వాడు ఎప్పుడూ బుట్ట అక్కడే పెడతాడు. దాని వెనక నా పేరుందో లేదో ఎలా అడగను? ఉంటే, అనుమానించినందుకు నేను చచ్చిపోతాను. లేకపోతే..."

యూఛిన్‌కి అంతవరకూ ఉన్న కోపమంతా నీరుగారిపోయింది. కానీ దాని స్వభావం తండ్రిది, నాన్చడం చేతకాదు. తల్లి "వద్దే, వద్దే" అంటుండగానే మేనమామకి వీడియో కాల్ కలిపింది.

పేయ్‌మింగ్ వంటింట్లో ఏప్రాన్ కట్టుకుని ఆకుకూర కడుగుతున్నాడు. "ఏమ్మా, టికెట్లు తీశారా? హోటల్ గీటల్ అనకండి, మా ఇంట్లోనే..."

"మావయ్యా, ఒక్కటే అడుగుతాను. తాతయ్యా వాళ్ళ రాయి మీద మా అమ్మ పేరుందా?"

ఆయన కుళాయి కట్టేశాడు. చేతులు తుడుచుకున్నాడు, తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు.

"లేదు," అన్నాడు.

"ఏమయ్యా బావమరిదీ!" అని తొంగ్ లేచాడు. పేయ్‌జెన్ ఆయన మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"అక్కా, అక్కడున్నావా? నువ్వు వెళ్ళాక ఇంట్లోవాళ్ళ పేర్లు రాసే సర్కారు పుస్తకంలోంచి నీ పేరు కొట్టేశారు కదా. రేషన్ దగ్గర, వీధి కమిటీలో, ఫ్యాక్టరీలో, ఎవరు అడిగినా ఒక్కణ్ణేనని చెప్పేవాణ్ణి. చెప్పీ చెప్పీ నోటికి అదే అలవాటైపోయింది. రాయి చెక్కేవాడు పిల్లలెందరని అడిగితే అదే వచ్చేసింది. నిలబెట్టాక చూసుకున్నాను. అప్పుడే చెప్పాల్సింది. సిగ్గేసింది. ఆ సిగ్గు ఏటేటా పెరిగిందే గానీ తగ్గలేదు. అందుకే బుట్ట." ఏప్రాన్ విప్పి పక్కన పడేశాడు. "ఇంట్లోంచి ఒకరు వెళ్ళాలంటే నువ్వు వెళ్ళావు. నేను ఉండిపోయాను. ఉండిపోయినవాణ్ణి నేను ఇంత పని చేశాను."

పేయ్‌జెన్ తనని కావాలని తీసేశారేమోనని ఇన్నాళ్ళూ కుమిలిపోయింది. కావాలని తియ్యలేదు, మర్చిపోయారు. ఏది ఎక్కువ నొప్పో ఆవిడకి ఆ క్షణాన తెలియలేదు. కళ్ళ నీళ్ళు మాత్రం ఆగకుండా కారుతున్నాయి.

"కొత్త రాయి వేయిద్దాం. పైన నీ పేరు, కింద నాది," అన్నాడు పేయ్‌మింగ్.

"అమ్మానాన్నల్ని కదపకు. నీ పేరు పక్కన జాగా ఉందా?"

"ఉంది. కానీ నువ్వు పెద్దదానివి..."

"ఆలస్యంగా వచ్చినదాన్ని, పక్కనే నిలబడతాను. చెక్కించు. బతికున్నవాళ్ళ పేరుకి వేసే ఎర్రరంగు మాత్రం నేనే వేసుకుంటాను. ఇంకా బతికే ఉన్నానుగా."

"అక్కా, నన్ను తిట్టు. నాలుగు తిట్టు, నీకు పుణ్యముంటుంది."

అప్పుడు పేయ్‌జెన్ మొదలుపెట్టింది. షాంఘై మాటలో, ఈ ఇంట్లో ఎవరికీ రాని మాటలో, ఊపిరి తీసుకోకుండా తిట్టింది. తొంగ్ నోరు తెరుచుకుని చూశాడు. అవతల పేయ్‌మింగ్ ఏడుస్తూ తలూపుతున్నాడు. తిడుతూ తిడుతూ ఆవిడ గొంతు మెత్తబడింది, చివరికొచ్చేసరికి ఏదో అప్పగింతలు పెడుతున్నట్టుంది. ఫోన్ పెట్టేసి చటుక్కున లేచి, జావ గిన్నె దించింది.

"అంతసేపు ఏమన్నావమ్మా?" అని అడిగింది యూఛిన్, కళ్ళు తుడుచుకుంటూ.

"ఏముంది," అంది పేయ్‌జెన్. "చింగ్‌మింగ్‌కి అక్కడ వానలు. స్టేషన్‌కి వచ్చేటప్పుడు గొడుగు తెచ్చుకోమన్నాను. వాడికి చిన్నప్పట్నుంచీ తడిస్తే జ్వరం."