లింగమూర్తి బిళ్ల

"ఆగన్నా! తెచ్చినవా డబ్బ?"

వీధి చివర నుంచి పూలమ్మ కేక. నేనప్పుడే షేర్ ఆటో దిగుతున్నాను.

"తెచ్చిన చెల్లే! ఐదు టీబీ!" అని అంతకంటే గట్టిగా అరిచాను.

"ఐదు టీబీలా! దవాఖానకు పోరాదు మరి!"

నాకూ ఆ లెక్క సరిగా తెలియదు గానీ, గోదావరిఖని దుకాణంలో "మూడు తరాల పెండ్లి వీడియోలు పడతయి కాకా" అన్నారు. మురిసిపోయి తెచ్చాను.

పూలమ్మ, గనిలో నాతో జోడీగా పనిచేసిన లింగమూర్తి భార్య. బొగ్గుబాయిలో పైకప్పు కూలి అతను పోయి ఆ రోజుకు పదకొండేళ్లు. ఏటా ఈ పూట ఆమె వండి మా ఇంటికి తెస్తుంది. పోయినాయనకు ఒక పళ్లెం పెట్టి, అందరం కలిసి తింటాం. ఈసారి ఒక్కటే అడిగింది. "ఆయన గొంతు మర్చిపోతున్నన్నా. నీ పాత ఫోన్లల్ల ఏడన్న ఒక్క మాట ఉంటదేమో సూడు."

అందుకే ఈ హార్డ్ డిస్కు. ఆరు పాత ఫోన్లలో ఉన్నవన్నీ ఒక్కచోట పోసి వెతుకుదామని.

నా బిడ్డ సంతోషి దాన్ని ల్యాప్‌టాప్‌కు తగిలించింది. పొద్దు వాలుతోంది. అంతలో ఊరవతల ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు. కిటికీలు గజగజలాడాయి. కరెంటు పోయింది. తెర వెలుగు ఒక్కటే మిగిలింది. ఎక్కడి నుంచో తడి బొగ్గు వాసన... నానిన కర్ర దుంగల వాసన. బాయి లోపలి గాలి అది. ఇరవై ఎనిమిదేళ్లు పీల్చినవాణ్ణి, నాకు తెలవదా?

"నాయినా," సంతోషి గొంతు తగ్గించింది. "నేనింక ఏం ఎక్కియ్యలే. దీంట్ల ముందే ఒక ఫైలున్నది. పేరు... నాలుగు వందల పదిహేడు."

చెయ్యి అడ్డం పెట్టేలోపే ఆమె నొక్కింది.

నల్లటి తెర. నీటి చుక్కలు పడుతున్న చప్పుడు. దగ్గు. ఆ తర్వాత...

"బావా, నేను ఎనుక వస్త. నా బిళ్ల గూడ నువ్వే ఇచ్చెయ్యి."

"సరే తియ్యి, జల్ది రా." అది నా గొంతు.

బాయిలోకి ఫోన్లు రానివ్వరు. అప్పుడక్కడ ఉన్నది మేమిద్దరమే.

పూలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయనే..."

ఇక మీకు చెప్పక తప్పదు. బాయిలోకి దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ల పట్టుకొని దిగుతాడు. పైకొచ్చినాక తిరిగి ఇస్తాడు. బిళ్ల బోర్డెక్కితే మనిషి బయటికొచ్చినట్టే. లింగమూర్తిది 417. ఒకరి బిళ్ల ఒకరం ఇచ్చేసే పాడలవాటు మాది. ఆ రోజు రెండూ నేనే ఇచ్చి, ముచ్చట్లు పెట్టి, చాయ్ తాగి ఇంటికి పోయాను. బోర్డు నిండుగా ఉంది. లోపల కప్పు కూలితే అతని కోసం ఎవరూ వెతకలేదు. తొమ్మిది గంటలు. తర్వాత ఆఫీసర్లు అడిగితే "తనే ఇచ్చి, మళ్ల దిగిండేమో" అన్నాను. వాడకట్టంతా వాగే నేను ఈ ఒక్క మాట పదకొండేళ్లు మింగాను.

తెరలో... టక్. టక్. రాయి మీద రాయి.

"ఇది ఇంకా తొమ్మిది గంటలున్నది నాయినా..."

టక్.

"బావా... బిళ్ల ఇచ్చినవా?"

తీగ పీకేశాను. చప్పుడు ఆగింది. వాసన పోలేదు.

"నేనే ఇచ్చిన చెల్లే. నేనే..."

పూలమ్మ దీపం వెలిగించి, గిన్నె మూత తీసింది. నాలుగు పళ్లేలు పెట్టి వడ్డించింది. ఆయనది గోడ పక్కన.

"కూసోండ్రి," అంది గుసగుసగా. "ఆయన ఎప్పటిసంది ఆకలి మీదున్నడో."

ముగ్గురం కూర్చున్నాం. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అందుకే నాకు పళ్లేలే కనబడ్డాయి. ఇంకా ఎవరం అన్నంలో చెయ్యి పెట్టలేదు.

నాలుగో పళ్లెంలో ఒక ముద్ద తగ్గింది. అంచున... నాలుగు వేళ్ల బొగ్గు మరకలు.